చవక రంగులకు విలువ కట్టడం

తగ్గింపు ధరకు వచ్చిన చిత్రకళా సామగ్రిని అంచనా వేసేటప్పుడు ఎంత తగ్గించారన్న ప్రశ్న కన్నా ఎందుకు తగ్గించారన్న ప్రశ్నే ముందు రావాలి. చిల్లరగా అమ్మే ప్యాకెట్ సరుకుల మీద గరిష్ఠ చిల్లర ధరను, అంటే వాడుకలో ఎమ్మార్పీ అనే ధరను, దానితోపాటు నికర పరిమాణాన్ని, తయారైన నెలను, సంవత్సరాన్ని ముద్రించాలని తూనికలు, కొలతల చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. ఆ ధరను మించి అమ్మకూడదు గాని, రంగుల పెట్టె వంటి వస్తువుకు ఆ ధరను ఎంత ఎత్తున పెట్టుకోవాలన్నది తయారీదారు చేతిలోనే ఉంటుంది కాబట్టి, ఎన్నడూ ఎవరూ పూర్తి ధర ఇచ్చి కొనని పెట్టె మీద 60 శాతం తగ్గింపు అని రాసి ఉండటంలో వింత లేదు. ఇది కాక సరుకు పాతబడటం, కంపెనీ లేబులు మార్చడం, అట్టపెట్టె నలగడం, కదలని రంగులను కదిలేవాటితో కలిపి కట్టగట్టడం వంటి కారణాలుంటాయి. లేబులు మారినందుకూ పెట్టె నలిగినందుకూ దొరికే తగ్గింపు కొనేవారికి నికరమైన లాభం. పాతబడినందుకు దొరికేది సరుకును బట్టి లాభమో నష్టమో అవుతుంది. ఎమ్మార్పీని పెంచి తగ్గించినదాన్ని తగ్గింపుగా లెక్కవేయనక్కరలేదు. అదే ట్యూబును రెండు మూడు దుకాణాలు వాస్తవంగా ఎంతకు అమ్ముతున్నాయో చూసి, ఆ ధరతో పోల్చినప్పుడే రాయితీ నిజస్వరూపం బయటపడుతుంది.

ధర సంగతి తేలాక సరుకు సంగతి చూడాలి. రంగు ఏ రకమైనదైనా అందులో ప్రధానంగా రెండు పదార్థాలుంటాయి: వన్నెనిచ్చే మెత్తని పొడిని వర్ణకం అనీ, ఆ పొడి రేణువులను ఒకదానికొకటి పట్టి ఉంచి కాగితానికో గుడ్డకో అంటుకునేలా చేసే జిగట పదార్థాన్ని బంధకం అనీ అంటారు. వాటర్ కలర్‌లో బంధకం తుమ్మ జాతి చెట్ల జిగురు, ఆయిల్ కలర్‌లో అవిసె నూనె, అక్రిలిక్‌లో నీటితో కలిసి ఉండి ఆరాక ప్లాస్టిక్ పొరలా గట్టిపడే రసాయన జిగురు. ఈ రెండింటిలో ఖరీదైనది సాధారణంగా వర్ణకమే గనుక, ధర తగ్గించదలచిన తయారీదారు దాని పాలు తగ్గించి, ఆ లోటును సుద్ద, బేరియం సల్ఫేట్ వంటి తెల్లని పొడులతో భర్తీ చేస్తాడు. వీటికి పూరకాలు అని పేరు. స్టూడెంట్ శ్రేణి, ఆర్టిస్ట్ శ్రేణి అని కంపెనీలు చేసే విభజనకు మూలం ప్రధానంగా ఈ వర్ణకం పాలే. కేమెల్ రంగుల్లో ఈ రెండు పేర్లూ పెట్టెల మీదే కనబడతాయి. లండన్‌లో 1832లో మొదలైన విన్సర్ అండ్ న్యూటన్ తన విద్యార్థి శ్రేణి వాటర్ కలర్లకు కాట్‌మన్ అని వేరే పేరు పెట్టుకుంది. పూరకం మితిమీరిన వాటర్ కలర్ తడిగా ఉన్నంతసేపు బాగానే కనిపించి, ఆరాక సుద్ద పూసిన గోడలా పాలిపోతుంది. ఒక పొర మీద మరో పొర వేస్తే కింది పొర మరుగున పడి, వాటర్ కలర్‌కు ప్రాణమైన పారదర్శకత పోతుంది.

విద్యార్థి శ్రేణిలో సాధారణంగా రంగులన్నిటికీ ఒకే ధర ఉంటుంది. ఆర్టిస్ట్ శ్రేణిలో మాత్రం వర్ణకం ఖరీదును బట్టి రంగులను సిరీస్ 1, సిరీస్ 2 అని తరగతులుగా విడదీసి వేర్వేరు ధరలు పెడతారు. ఈ తేడా నుంచి కొనుగోలుదారుకు అక్కరకొచ్చే సూత్రం ఒకటి పుడుతుంది. కేడ్మియం, కోబాల్ట్ వంటి ఖరీదైన వర్ణకాలను ఒకే ధర పద్ధతిలో ఇవ్వడం తయారీదారుకు గిట్టదు గనుక, వాటి స్థానంలో చవక వర్ణకాలతో ఆ వన్నెను అనుకరించి, పేరు చివర హ్యూ అన్న మాట చేరుస్తాడు. కేడ్మియం ఎల్లో హ్యూ అంటే కేడ్మియం లేని పసుపు అని అర్థం. ఇది మోసం కాదు. కేడ్మియం విషపూరిత లోహం కాబట్టి పిల్లల చేతికిచ్చే పెట్టెలో అది లేకపోవడమే మేలు. మరోవైపు ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా వంటి మట్టి రంగులకు ఆధారం ఇనుప ఆక్సైడ్లు. అవి చవకైనవి, వెలవనివి. అందువల్ల ఆర్టిస్ట్ శ్రేణిలోనూ వీటి ధర అడుగు తరగతిలోనే ఉంటుంది, విద్యార్థి శ్రేణిలోనూ ఇవి పెద్దగా నిరాశపరచవు. థాలో బ్లూ అనే నీలం బలం ఎంతటిదంటే పూరకంతో సగం నింపినా చిటికెడు రంగు పళ్లెమంతా ఆక్రమిస్తుంది. అల్ట్రామెరైన్ చరిత్ర మరింత ఆసక్తికరం. అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల లాజవర్దం రాయిని నూరి తీసిన కాలంలో యూరప్ చిత్రకారులకు అది అందరికీ అందని వర్ణకం. కృత్రిమంగా చేసినవారికి 6000 ఫ్రాంకులు ఇస్తామని ఫ్రాన్స్‌లో 1824లో ప్రకటించిన బహుమతిని 1828లో గిమే అనే రసాయన నిపుణుడు అందుకున్నాక, అదే నీలం నేడు అతి చవక వర్ణకాల సరసన చేరింది. అంటే ధర తక్కువైనంత మాత్రాన వర్ణకం తక్కువది కాదు. ఏ వర్ణకం చవక, ఏది ఖరీదు అన్నది తెలిసినవారికి తగ్గింపు పెట్టెలో ఏ ట్యూబును నమ్మవచ్చో, దేన్ని అనుమానించాలో తెలుస్తుంది.

ట్యూబు మీద ముద్రించిన రంగు పేరు ఈ విషయంలో ఏమాత్రం సాయపడదు. సాప్ గ్రీన్, క్రిమ్సన్ లేక్, స్కార్లెట్ వంటి పేర్లను ప్రతి కంపెనీ తనకు తోచిన మిశ్రమానికి పెట్టుకుంటుంది. నమ్మదగినది వర్ణక సంకేతం. బ్రిటన్‌లోని అద్దకపు నిపుణుల సంఘం, అమెరికాలోని వస్త్ర రసాయన నిపుణుల సంఘం కలిసి నడిపే కలర్ ఇండెక్స్ అనే పట్టిక ప్రతి వర్ణకానికీ ఒక సంకేతాన్ని కేటాయించింది. అందులో పి అంటే పిగ్మెంట్, దాని తరువాతి అక్షరం రంగు కుటుంబం, అంకె ఆ కుటుంబంలో వర్ణకం సంఖ్య. పిబి 29 అని ఉంటే అల్ట్రామెరైన్, పిబి 15 అని ఉంటే థాలో నీలం, పివై 43 అని ఉంటే ఎల్లో ఓకర్, పిడబ్ల్యూ 6 అని ఉంటే టైటానియం తెలుపు. ఒకే సంకేతమున్న రంగును ఇతర రంగులతో కలిపితే ఫలితం ఊహకు అందుతుంది. మూడు నాలుగు సంకేతాలున్నదాన్ని మరో రెండింటితో కలిపితే తరచుగా బురద రంగు తేలుతుంది. అసలు సంకేతమే ముద్రించని ట్యూబు చెడ్డదని చెప్పలేం గాని, దానిలో ఏముందో కొనేవారికి తెలియనివ్వలేదన్నది మాత్రం నిజం. అటువంటిదానికి సాధన సరుకు ధరను మించి ఇవ్వడం తగదు.

సంకేతం చెప్పే రెండో సంగతి కాంతి నిలకడ, అంటే వెలుతురు తగిలినా రంగు వెలవకుండా నిలిచే శక్తి. దీన్ని కొలవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం రూపొందించిన పద్ధతిలో ఒకటి, రెండు తరగతులు శాశ్వత చిత్రాలకు పనికొచ్చేవి, మూడో తరగతి నుంచి పనికిరానివి. కొన్ని కంపెనీలు ఈ తరగతికి బదులు నక్షత్రాలు ముద్రిస్తాయి. ఆ నక్షత్రాలకు అర్థం ఏమిటో ఆ కంపెనీ పట్టికలోనే చూడాలి, రెండు కంపెనీల నక్షత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పిఆర్ 83 సంకేతమున్న అలిజరిన్ క్రిమ్సన్, మెరిసే ఫ్లోరోసెంట్ గులాబీ రంగులు వెలవడంలో ముందుంటాయి. ఈ బెడద మహామహులనూ వదలలేదు: వాన్ గో 1888లో ఆర్ల్‌లోని తన పడకగదిని చిత్రించినప్పుడు ఊదా వన్నెలో వేసిన గోడలు, అందులోని ఎర్ర వర్ణకం కాలక్రమంలో వెలిసిపోవడంతో నేటి ప్రేక్షకులకు నీలంగా కనిపిస్తున్నాయి. సంకేతం లేని చవక రంగు నిలకడను ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక కాగితం మీద ప్రతి రంగునూ చిక్కగా, పలచగా పట్టీలుగా పూసి, సగభాగాన్ని మందమైన నల్ల అట్టతో మూసి, ఎండ నేరుగా పడే కిటికీకి అంటించి నాలుగైదు వారాలు వదిలేస్తే చాలు; ఏప్రిల్, మే నెలల తెలుగునాటి ఎండ ఈ పరీక్షకు ఎంతగానో సహకరిస్తుంది. అట్ట తీసినప్పుడు రెండు సగాల మధ్య గీత కనబడిన రంగుకు గోడకు వేలాడే చిత్రంలో చోటు ఇవ్వకూడదు. అయితే స్కెచ్ పుస్తకంలో మూసి ఉండే సాధనకూ, లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకు సిద్ధమయ్యే అభ్యాసానికీ, స్కాన్ చేసి అచ్చుకు పంపే బొమ్మకూ ఈ గుణం దాదాపు అనవసరం. ఆ పనులకు అదనంగా డబ్బు పోసి కొన్న శాశ్వతత్వం వృథాయే.

బలం విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. రంగు బలం అంటే ఇతర రంగులో కలిపినప్పుడు గాని నీటితో పలచబరచినప్పుడు గాని తన వన్నెను ఎంతదాకా నిలుపుకుంటుందన్నది. అక్రిలిక్, ఆయిల్ రంగులను పోల్చడానికి ఒక పాలు రంగును పది పాళ్లు తెలుపులో కలిపి పక్కపక్కన పూస్తే, బలమైనది ముదురుగా, బలహీనమైనది కడిగినట్టు కనిపిస్తుంది. ఈ పరీక్ష ఫలితాన్ని ధరలోకి మార్చవచ్చు. ఉదాహరణకు ఒక 5 మిల్లీలీటర్ల ట్యూబు 60 రూపాయలు, అంతే పరిమాణమున్న మరో ట్యూబు 150 రూపాయలు అనుకుంటే, మిల్లీలీటరుకు మొదటిది 12, రెండోది 30 రూపాయలు. అదే వన్నె రావడానికి మొదటి రంగు మూడు రెట్లు పట్టిందంటే దాని అసలు ఖరీదు 36 రూపాయలకు చేరి, చవక అనుకున్నదే ప్రియమవుతుంది. రెట్టింపే పట్టితే 24 రూపాయలతో అది నిజంగానే చవక. ఈ గుణకారం చేయకుండా ట్యూబు ధరలను పోల్చడం వల్ల ప్రయోజనం లేదు; 5, 9, 12, 20 మిల్లీలీటర్ల ట్యూబులు ఒకే అరలో కలగలిసి ఉండే దుకాణంలో భాగహారమైనా చేయకపోతే మరీ ప్రమాదం.

పాత సరుకు విషయంలో బంధకమే తీర్పు చెబుతుంది. తుమ్మ జిగురు ఆరిపోయినా నీటిలో మళ్లీ కరుగుతుంది కాబట్టి, గట్టిపడిన వాటర్ కలర్ ట్యూబును నిలువునా కోసి, ముద్దను చిన్న గిన్నెలో పెట్టి నీటి బొట్టు వేస్తే చాలావరకు పనికొస్తుంది. సగం ధరకు దొరికిన పాత వాటర్ కలర్లు అందుకే తరచుగా మంచి బేరం. అక్రిలిక్ అలా కాదు. అది ఒకసారి ఆరితే ప్లాస్టిక్ అయిపోయినట్టే, ఏ నీరూ దాన్ని వెనక్కి తేలేదు. గడ్డలు కట్టిన సీసా, కుళ్లిన వాసన వేసే సీసా ఉచితంగా ఇచ్చినా భారమే. ఆయిల్ ట్యూబు మూత తీయగానే పసుపు నూనె విడిగా కారితే అది కొద్దిపాటి లోపం, పళ్లెంలో కత్తితో కలిపితే సర్దుకుంటుంది. ట్యూబు లోపలే రబ్బరులా బిగుసుకుంటే ఇక పని జరగదు. పోస్టర్ కలర్ సీసాల్లో బూజు చేరుతుంది. స్పిరిట్‌తో చేసిన మార్కర్లు మూత గట్టిగా ఉన్నా క్రమేణా ఎండిపోతాయి. వాటిని గీసి చూడనివ్వని చోట తగ్గింపుకు కొనకపోవడమే క్షేమం.

ఇంత చెప్పినా, వాటర్ కలర్ నేర్చుకునేవారి డబ్బు మొదట వెళ్లవలసింది రంగులకు కాదు, కాగితానికి. సాధారణ డ్రాయింగ్ షీటు మీద అత్యుత్తమ రంగు కూడా మరకలు కడుతుంది. మంచి కాగితం మీద విద్యార్థి శ్రేణి రంగు సైతం మర్యాదగా నడుచుకుంటుంది. తడి రంగును విశాలంగా పరిచే వాష్ అనే పద్ధతి తమకు చేతకావడం లేదని బాధపడే విద్యార్థుల్లో చాలామందిది చేతి లోపం కాక కాగితం లోపమే అయి ఉంటుంది. కాగితం నాణ్యతను మూడు విషయాలు నిర్ణయిస్తాయి: అది దేనితో చేసినది, ఎంత బరువైనది, దానికి పట్టించిన జిగురు ఎటువంటిది.

చవక కాగితం కలప గుజ్జుతో తయారవుతుంది. కలపలోని లిగ్నిన్ అనే పదార్థాన్ని, ఆమ్లాన్ని తొలగించకపోతే అది వార్తాపత్రికలా పసుపెక్కి పెళుసవుతుంది. అందుకే యాసిడ్ ఫ్రీ అన్న ముద్ర కనీస అర్హత. నూటికి నూరుపాళ్లు పత్తితో చేసిన కాగితం నీటిని పీల్చుకుని నెమ్మదిగా ఆరుతూ, రంగును ఎత్తడానికీ సరిదిద్దడానికీ వ్యవధినిస్తుంది. కాటన్ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండి, శాతం ఎక్కడా లేకపోతే పత్తి ఎంత కలిసిందో పాఠకుడే ఊహించుకోవచ్చు. హ్యాండ్‌మేడ్ అన్న మాట తయారీ పద్ధతిని చెబుతుందే తప్ప నాణ్యతను కాదు. సాంగనేర్, పుదుచ్చేరి వంటి చోట్ల పత్తి వస్త్రాల ముక్కలతో చేసే చేతి కాగితాల్లో వాటర్ కలర్‌కు అద్భుతంగా పనికొచ్చేవీ ఉన్నాయి, శుభలేఖలకు తప్ప మరి దేనికీ పనికిరానివీ ఉన్నాయి.

బరువును జీఎస్ఎం అనే కొలతలో చెబుతారు. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్నది దాని అర్థం. తడి పనికి 300 జీఎస్ఎం కాగితం పెద్దగా ముడతలు పడకుండా నిలుస్తుంది. 200 జీఎస్ఎం దాన్ని బోర్డుకు అన్ని వైపులా టేపుతో బిగించుకోవాలి. పెట్టె మీది అంకె నిజమో కాదో వంటింటి డిజిటల్ తూకం తేల్చగలదు. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు గనుక, 300 జీఎస్ఎం ఏ4 షీటు ఒక్కొక్కటి 18.75 గ్రాములు, పది షీట్లు దాదాపు 188 గ్రాములు తూగాలి. అట్ట తీసేసి తూచినప్పుడు 130 గ్రాములే ఉంటే ఆ కాగితం 200 జీఎస్ఎంకు కాస్త అటూ ఇటూ అన్నమాట. దీనికి ఏ నైపుణ్యమూ అక్కర్లేదు, వాదనకూ తావుండదు. ఆన్‌లైన్‌లో కొన్న కాగితాన్ని తిరిగి పంపే గడువులోగా చేయవలసిన మొదటి పని ఇదే.

కాగితానికి పట్టించే జెలటిన్, గంజి వంటి జిగురును సైజింగ్ అంటారు. అది లేకపోతే కాగితం అద్దుడు కాగితంలా రంగును పీల్చేసి అంచులను చెదరగొడుతుంది. ఈ అవసరాన్ని తెలుగు నేలలోని చిత్రకారులు తమ పద్ధతుల్లో ఎప్పుడో తీర్చుకున్నారు: శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెట్టడం వల్ల పాలలోని కొవ్వు రంగును గీత దాటి పాకనివ్వదు, చేర్యాల పటాలకు సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలితో గుడ్డకు పూత వేస్తారు. కొన్న కాగితంలో జిగురు సరిగా ఉందో లేదో తెలియాలంటే మూలన ఒక నీటి బొట్టు వేసి చూడాలి. బొట్టు కొంతసేపు నిలిచి మెల్లగా ఇంకితే మంచిది. పడీ పడగానే ఇంకి వెనుక వైపు తడి మచ్చ తేలితే అది తడి రంగులకు పనికిరాదు. మాస్కింగ్ టేపు అంటించి తీసినప్పుడు పై పొర లేచి వస్తుందా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి.

బ్రష్‌ల విషయంలో కళ్లు మోసపోవడం సులువు. కొత్త బ్రష్ మొనను తయారీదారు జిగురుతో అతికించి పంపుతాడు గనుక దుకాణంలో ప్రతి బ్రష్ మొనా సూదిలా కనిపిస్తుంది. ఆ జిగురును నీటిలో కరిగించి, ఒక్క విదిలింపు విదిలిస్తే వెంట్రుకలన్నీ తిరిగి ఒక మొనకు చేరాలి. రెండు మూడు పాయలుగా చీలితే అది వాష్‌లకు తప్ప సన్నని పనికి పనికిరాదు. వెంట్రుకలను పట్టి ఉంచే లోహపు గొట్టం పిడి మీద కదిలినా, అతుకు తెరుచుకున్నా నీళ్లు లోపలికి చేరి పిడి ఉబ్బి ఊడుతుంది. నేడు కృత్రిమ నారతో చేసిన మధ్యరకం బ్రష్‌లు తక్కువ ధరకే చక్కగా పనిచేస్తున్నాయి కాబట్టి, సేబుల్ వెంట్రుకల ఖరీదైన బ్రష్ లేదని నేర్చుకునేవారు చింతించనక్కరలేదు. పన్నెండు బ్రష్‌ల చవక సెట్టు కన్నా విడిగా కొన్న ఎనిమిదో నంబరు గుండ్రని బ్రష్, ఒక అంగుళం చదును బ్రష్ ఎక్కువ పని చేస్తాయి; అయితే నంబర్లు కంపెనీకీ కంపెనీకీ మారుతాయని గుర్తుంచుకోవాలి. సహజ వెంట్రుకలు అని చెప్పి, ముదురు, లేత చారలున్న వెంట్రుకల బ్రష్‌ను కారుచౌకగా ఇవ్వజూపితే అది ముంగిస వెంట్రుక కావచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ముంగిసకు రక్షణ కల్పించింది గనుక అటువంటి బ్రష్‌ను ఏ ధరకూ కొనకూడదు.

పెన్సిళ్ల గురించి చెప్పవలసింది తక్కువ. చెక్కినప్పుడు సీసం సరిగ్గా నడిమధ్యన కనబడాలి. పక్కకు జరిగినది ప్రతిసారీ విరుగుతుంది. భారతీయ కంపెనీల సాధారణ పెన్సిళ్లే సాధనకు చాలు. ఇక కాన్వాస్ సంగతి. కాన్వాస్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సూది బెజ్జాల్లా కాంతి కనబడకూడదు. అలా కనబడితే ముందుగా వేసిన ప్రైమర్ పూత పలచనైందని, దాని మీద మరో రెండు పూతలు వేసుకోవాలని అర్థం. ఆ పూతల ఖర్చు కలిపి చూశాకే తగ్గింపు ధరను తగ్గింపుగా భావించాలి. చట్రం వంకరగా ఉంటే మాత్రం ఏ పూతా సరిచేయలేదు.

ఎక్కువగా ఊరించేవి 36, 48 రంగుల పెట్టెలు. రంగుకు ఇంత అని భాగిస్తే వీటి ధర నిజంగానే తక్కువగా తేలుతుంది. కాని రెండేసి పసుపులు, ఎరుపులు, నీలాలు, రెండు మట్టి రంగులు ఉన్నవారికి మిగిలినవన్నీ పళ్లెంలోనే పుడతాయి. 36 రంగుల్లో వాడకానికి వచ్చేవి 8 మాత్రమే అయితే పెట్టె ధరను 36తో కాక 8తో భాగించాలి. రంగులు కలపడం నేర్చుకునే అవసరాన్నే తప్పించడం ఈ పెట్టెల మరో నష్టం, అది ధరల లెక్కలో కనిపించదు.

ఎంత కొనాలన్నది కూడా విలువలో భాగమే. రంగుల ట్యూబులు నీడలో ఏళ్ల తరబడి నిలుస్తాయి, కాగితం నిలవదు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాల ఉక్కపోతలో, వానాకాలపు తేమలో కాగితంలోని సైజింగ్ అక్కడక్కడ చెడిపోతుంది. పొడిగా ఉన్నప్పుడు ఆ లోపం కంటికి ఆనదు. వాష్ వేయగానే రంగు చుక్కలు చుక్కలుగా ముదురుతుంది. దుకాణంలో తగ్గింపుకు పెట్టిన పాత కట్టల్లోనూ ఈ లోపమే ఉండవచ్చు. అందువల్ల కాగితాన్ని ఒక ఏడాదికి సరిపడే దాకానే కొని, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో సిలికా జెల్ పొట్లంతో పాటు బల్లపరుపుగా పడుకోబెట్టి ఉంచాలి. పాత కట్ట కొన్నప్పుడు ఒక షీటును వెడల్పాటి బ్రష్‌తో పూర్తిగా తడిపి చూసి, చుక్కలు తేలితే మిగిలిన షీట్లను పెన్సిల్, బొగ్గు, ఆయిల్ పాస్టెల్ పనులకు మళ్లించవచ్చు.